చౌడమ్మ వద్దన్న తాంబూలం

కన్నులు మూసుకొని గింజ మంచిచెడ్డలు చెప్పగల మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె పేరు చౌడమ్మ. పామిడికి రెండు క్రోసుల దూరాన, ఎండిన పెన్న ఇసుక గాలికి లేచి గడపల మీద వాలే ఒక పల్లె ఆమెది. వేరుశనగ గింజను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్కసారి దొర్లించి, ఇది మొలుస్తుంది, ఇది మొలవదు, దీని కడుపులో బూజు దాగింది అని చెబుతుంది. ప్రయోగశాలవారు మూడు దినాలకు పంపే కాగితం, ఆమె మూడు క్షణాల్లో పలికిన మాటకు నకలు మాత్రమే. వాగ్దేవి కొందరి నాలుక మీద నిలుస్తుందని పెద్దలు చెబుతారు. చౌడమ్మకు ఏ దేవత ప్రసన్నురాలైందో గాని, వేలికొసల మీద కొలువుతీరింది.

ఆ విద్యను ఆమెకు కరువు నేర్పింది. వరుసగా మూడేళ్ళు వాన లేని కాలంలో ఆమె పుట్టింట రెండు సేర్ల విత్తనం మాత్రం మిగిలింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా తల్లి ఆ కుండ మూత తీయలేదు. నాలుగో ఏట తొలకరి పడిన ఉదయం కుండ దించి, ఎనిమిదేళ్ళ కూతురి ముందు గింజలు పోసి, "మొలిచేది నేలకు, మొలవంది మనకు. తప్పు ఏరితివా, రెండూ పోతాయి మ్మే" అన్నదట. అంతటి భారాన్ని ఎనిమిదేళ్ళకే మోసిన వేళ్ళు తరువాత ఎన్నడూ తడబడలేదు.

పుల్లన్నకు ఇల్లాలై ఈ పల్లెకు వచ్చిన కొన్నేళ్ళకు, గుంతకల్లు దారిలో బయ్యన్నగారు వేరుశనగ విత్తన కేంద్రం ఒకటి నెలకొల్పాడు. కాయ ఒలిచే యంత్రం దగ్గరా, మూటలు పేర్చే చోటా మగవారు. గింజలను మోసుకుపోయే కదిలే పట్టా ముందు కూర్చొని పుచ్చునూ బూజునూ ఏరివేసే చోట ఆడవారు. మొదటి దినం చేరిన పనివారిలో భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. బయ్యన్న మెట్టభూముల ఆసామి. మాట కరకు, మనసు మెత్తన. ఆయుధపూజ నాడు యంత్రానికి పసుపుకుంకుమలు పెట్టి, ఆయన అందరి ఎదుట ఒక మాట చెప్పాడు.

"వినండప్పా. బయట చేన్లల్లో ఆడకూలి ఇంత, మగకూలి ఇంత అని రెండు రేట్లుండాయి. నా గేటు లోపల ఆ రెండు మాటలు ఉండవు. కూలి ఒగటే. ఎవురికన్నా కడుపుమంటగా ఉంటే ఇప్పుడే ఎల్లిపోండి."

ఎవరూ కదలలేదు. ఆ రోజుల్లో, ఆ నేలమీద, ఆ మాట అనడానికి గుండె కావాలి. ఆ గుండె బయ్యన్నకు ఉన్నది. కథలో ముందు ముందు ఆయన మీద ఎవరికైనా కోపం వస్తే, ఈ మాటను తలచుకోవలసిందిగా కోరుతున్నాను.

ప్రకటన ముగిశాక ఆయన పనివారిని గౌరవించదలచాడు. ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, మనిషికొక పదిరూపాయల నోటు పెట్టించి తన చేతులతో అందివ్వసాగాడు. మగవారు కండువాలు చాచి తీసుకున్నారు. పళ్ళెం ఆడవారి వరుసకు వచ్చింది. పరాయి మగవాని చేతి తాంబూలాన్ని ఆడది అందుకుంటే ఆ సీమలో లోకం దానికి వేరే అర్థం చెబుతుంది. మొదటి స్త్రీ వెనక్కి జరిగింది. రెండవ స్త్రీ తల దించుకుంది. మూడవది చౌడమ్మ, అప్పటికి ఇరవై ఆరేళ్ళది. పళ్ళెం అంచును రెండు చేతులా పట్టి, మెల్లగా వెనక్కి నెట్టింది.

"కష్టానికి కూలి ఇస్తాండావు, చాలు సామీ. తాంబూలం మాకొద్దు. అది ఇచ్చేటోళ్ళు మాకు ఇంటికాడ ఉండారు."

ఆడవారి తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. మూటల పక్కన నిలబడ్డ పుల్లన్న చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోయింది. బయ్యన్న కూడా సంతోషించాడు. "భేష్ మ్మే! మానం గలదానివి" అని పళ్ళెం తీసుకొని ముందుకు సాగాడు. ఆ మాట పామిడి సంత దాకా పోయింది. చాలాకాలం చౌడమ్మను ఎరగని వారు కూడా తాంబూలం వద్దన్న చౌడమ్మను ఎరిగి ఉండేవారు.

ఆ దినం అక్కడితో ముగిస్తే ఇది చిన్న కథ అయ్యేది. మరుసటి శనివారం సంతకు పోయే మగవారి చేతిలో బయ్యన్న మళ్ళీ ఆకులు, వక్కలు, పదిరూపాయలు పెట్టాడు. దానికి వక్కాకు అని పేరు. తరువాత ప్రతి శనివారమూ పెట్టాడు. రెండో ఏటికి ఆకులు తెచ్చే ఓపిక ఎవరికీ లేకపోయింది. మూడో ఏటికి వక్కలూ పోయాయి. నోటు మాత్రం మిగిలి, ధరలతో పాటు పెరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళు గడిచేసరికి దినకూలి అందరికీ ఐదువందలైతే, మగవారికి మాత్రం శనివారం వక్కాకు ఏడువందల యాభై. అది కూలి పుస్తకంలో ఎక్కదు. కూలి కాదు గనుక! మర్యాద.

గత సంవత్సరం మాఘమాసంలో కేంద్రానికి ఒక లేఖ వచ్చింది. అప్పటికి బయ్యన్న వృద్ధుడై, బెంగుళూరులో చదివి వచ్చిన ఆయన చిన్నకూతురు హేమ వ్యవహారం నడుపుతున్నది. గింజలు కొనే పెద్ద సంస్థ ఒక నియమం పెట్టింది. తనకు సరకు అమ్మేవారందరూ తమ దగ్గర మగవారికి అందే సంపాదనకూ ఆడవారికి అందే సంపాదనకూ తేడా ఎంతో లెక్కగట్టి, గేటు దగ్గర అందరూ చదివేలా రాసిపెట్టాలి. అది నిజమని పనివారు ఎన్నుకున్న ఒక పురుషుడూ ఒక స్త్రీ సంతకం చేయాలి. పదిహేను దినాల్లో ఆ పత్రం చేరకపోతే ఆ ఏటి కొనుగోలు ఆగిపోతుంది.

హేమకు ఆ లేఖ వరంలా తోచింది. కూలి పుస్తకం తిరగేసింది. ఆడా మగా అందరికీ అవే ఐదువందలు. తండ్రి ఇరవై ఎనిమిదేళ్ళ నాడు పలికిన మాట ఇప్పుడు దేశం కంటబడబోతున్నదని పొంగిపోయి, గేటు పక్కన నీలం బోర్డు మీద తెల్లని అక్షరాలతో రాయించింది: ఈ కేంద్రంలో స్త్రీపురుషుల సంపాదనలో తేడా సున్నా. బోర్డుకు బంతిపూల దండ వేయించింది. మగవారి తరఫున యంత్రం నడిపే తిప్పన్న సంతకం గీకేశాడు. ఆడవారు ఎన్నుకున్నది, చెప్పనక్కరలేదు, చౌడమ్మను.

ఐదో తరగతి చదివిన చౌడమ్మ ఆ పత్రాన్ని రెండుసార్లు చదివింది. కలానికి మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

"ఏం చౌడమ్మా, కండ్లద్దాలు తేలేదా?" అన్నది హేమ.

"కండ్లు బాగనే ఉండాయి పాపా. అందుకే పెట్టలేకపోతాండా."

"ఏమైంది?"

"సున్నా అని రాసినావు. సోమవారం సున్నా, మంగళవారం సున్నా, సుక్కురారం దాకా సున్నానే. శనివారం మాత్రం కాదు."

మూల కుర్చీలో కూర్చున్న బయ్యన్న కర్ర నేలకు తాటించాడు. "శనివారం ఇచ్చేది కూలి కాదు మ్మే! వక్కాకు. మర్యాదకు లెక్క యాడుండాది? అయినా ఆ దినం వద్దనింది ఎవురు? నేనా?"

ఆ దినం చౌడమ్మకు కూడా గుర్తే. వద్దన్నది తానే. ఆమె పట్టా దగ్గరికి తిరిగి వచ్చి కూర్చుంది. సంగతి ఆమెకంటె ముందే అక్కడికి చేరింది. పక్కన గింజలేరే సువార్త, తొలినాటి పనివారిలో ఒకామె కూతురు, నాలుక పదును గల పిల్ల.

"అత్తా, ఆ దినం బంగారట్లాంటి మాట చెప్తివంట. మా యమ్మ ఇప్పటికీ తలుచుకుంటాది. ఆ మాట మా సంగట్లో మన్ను పోసిందని మాత్రం ఎవురూ చెప్పల్యా" అన్నది.

చుట్టూ కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. చౌడమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. పట్టా మీద పది గింజలు ఏరకుండానే జారిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ళలో అట్లా జరగడం అదే మొదటిసారి.

"పోసింది నేనే అయితే, ఏరేది కూడా నేనే సువార్తా. మన్ను ఏరేదే గదా నా పని" అన్నది.

ఆ సాయంత్రం ఇంటి అరుగు మీద పుల్లన్న నచ్చజెప్పబోయాడు. "ఏమ్మే, ఒక గీత గీకితే పోయేదానికి ఇంత రచ్చ ఎందుకు? కొనేటోళ్ళు కొనకపోతే గేటుకు తాళం పడతాది. అందరూ నిన్నే తిడతారు."

"జయరాజు నాయనా, ఒక మాట అడుగుతా చెప్పు" అన్నది చౌడమ్మ. ఆమె పెనిమిటిని కొడుకు పేరుతోనే పిలుస్తుంది. "ఇద్దరం ఒకే గేట్లో పోతాండాం, ఒకే గేట్లో వస్తాండాం. శనివారం వచ్చేటప్పుడు నీ నడుముకాడ సంచి ఎందుకు ఉబ్బుతాది?"

"వక్కాకు గదా."

"నువ్వు వక్కాకు నమిలి ఎన్నేండ్లాయె?"

పుల్లన్న లెక్కపెట్టుకున్నాడు. "పండ్లు ఊడినప్పట్నుంచి ల్యా. ఏడో ఎనిమిదో." ఆ మాట తన చెవికే వింతగా వినిపించి, బోసినోటితో నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వు ఆగాక అతడి చెయ్యి నడుముకు వేలాడే గుడ్డసంచి మీదికి పోయింది. మగవారంతా ఒకవైపు, ఇల్లాలు ఒకవైపు. మూటలు మోసిన భుజాలకు కూడా ఆ బరువు కొత్తది.

గడువుకు ముందటి చివరి శనివారం వచ్చింది. కార్యాలయం వసారాలో హేమ పత్రం పట్టుకొని నిలబడింది. బయ్యన్న కుర్చీలో ఉన్నాడు. యాభై మంది మగవారు, నలభై మంది ఆడవారు ఎదుట చేరారు. అందరికీ తెలుసు: చౌడమ్మ సంతకం పెడితే గేటు తెరిచి ఉంటుంది, నలభై మంది సంపాదనలోని లోటు ఎన్నటికీ సున్నాగానే రాసి ఉంటుంది. పెట్టకపోతే గేటే మూతపడవచ్చు.

"సామీ" అని చౌడమ్మ బయ్యన్నకు చేతులు జోడించింది. "ఆ దినం వద్దనింది నేనే. తాంబూలం వద్దన్నా. ఈ పొద్దు ఇచ్చినా వద్దనే అంటా. అయితే ఆకు పోయె, వక్క పోయె. అవి పోయిన దినమే నా వద్దనే మాట కూడా పోయె. ఈ దుడ్లు వద్దని నేను యాడ అన్నా? ఆ దినం ఉండింది ఆకుమీది పదిరూపాయలే, వారంవారం ఇచ్చే ఈ దుడ్లు ల్యానే ల్యావు."

"మాటల గారడీ వద్దు మ్మే. ఆచారం ఆచారమే" అన్నాడు బయ్యన్న.

అప్పుడు మగవారి వరుసలోంచి పుల్లన్న ముందుకు వచ్చాడు. నడుముకాడి సంచిని విప్పాడు. పూర్వకాలపు వక్కాకు సంచి అది. మూడు అరలు, అంచుకు ఎర్రదారం కుట్టు. ఒక అర ఆకులకు, ఒకటి వక్కలకు, చిన్నది సున్నపుకాయకు. అప్పుడే అందుకున్న వారపు వక్కాకు అందులోనే ఉంది. హేమ బల్ల మీద సంచిని బోర్లించాడు. ఒక అరలోంచి ఐదువందల నోటు, ఇంకొక అరలోంచి రెండు నూర్ల నోట్లు, సున్నం అరలోంచి మడిచిన యాభై పడ్డాయి.

"చూడు పాపా. ఆకు యాడుండాది? వక్క యాడుండాది? నేను పండ్లు ల్యాని మనిషి. దీన్ని వక్కాకు అంటే మేక కూడా నమ్మదు."

తిప్పన్నకు ఒళ్ళు మండింది. "ఏమప్పా పుల్లన్నా! పెండ్లాం కొంగు పట్టుకోని మా నోటికాడ కూడు తీస్తావా?"

"నీ నోట్లో ఏముండాదో ముందు తెరిచి చూపియ్ తిప్పన్నా. నువ్వూ వక్కాకు ఏసే మొగోనివి కాదు గదా!"

ఆడవారి వైపునుంచి లేచిన నవ్వు మగవారి వైపుకు కూడా పాకింది. ఆ నవ్వులోనే చౌడమ్మ హేమ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"పోయినేడు మమ్మల్నందర్నీ బస్సులో లేపాక్షికి తీసకపోతివి, గుర్తుండాదా? నేలకు ఆనని కంబం కింద నా కొంగే దూర్చి, ఆ పక్కనుంచి లాగి చూపిస్తివి. నిలబడి చూస్తే అన్ని కంబాలూ నేలమీదే ఉన్నట్టుంటాయి. సందు ఉండేది కొంగు దూర్చినోళ్ళకే తెలుస్తాది. నీ బోర్డు కింద కూడా ఒక తూరి దూర్చి చూడు పాపా."

హేమ బల్లమీది నోట్లను చూసింది. తరువాత పత్రాన్ని చూసింది. సగానికి చించి పక్కన పెట్టింది.

భృతి వేరు, బహుమానం వేరు అని ధర్మం తెలిసిన పెద్దలు నిర్ణయించారు. భృతి చెమటకు ప్రతిఫలం, దానిపై పనివానికి హక్కు ఉంటుంది. బహుమానం ఇచ్చేవాని ప్రీతి, అది రావచ్చు, రాకపోవచ్చు. అయితే వారం తప్పకుండా వచ్చేది, రాకపోతే ఇల్లు గడవనిది, పొయ్యిలో కట్టెగా, బిడ్డ ఫీజుగా మారేది, ఏ పేరు పెట్టుకున్నా భృతే అవుతుంది. దానిని మర్యాద అని పిలిచి పుస్తకం బయట ఉంచడం, దేవునికి నివేదించవలసిన అన్నంలో ఒక ముద్దను ముందే పక్కకు తీసి, తక్కినది చూపి ఇదే సర్వమూ అని చెప్పడం వంటిది. బయ్యన్న అబద్ధమాడలేదు. చూడవలసిన చోటికి చూపు పోలేదు, అంతే. చాలా అధర్మాలు ఇట్లే, ఎవరూ తలపెట్టకుండానే, అలవాటు నీడలో పెరుగుతాయి.

హేమ రెండు దినాలు తలుపు వేసుకొని కూర్చుంది. ఈసారి పుస్తకంలో రాసినదాన్ని పక్కన పెట్టి, ఏడాది పొడుగునా ఒక్కొక్క మనిషి చేతికి నిజంగా అందినదంతా ఏ పేరుతో వచ్చినా కలిపి లెక్కించింది. మూడో ఉదయం బోర్డు మీద కొత్త అక్షరాలు వెలిశాయి. దండ లేదు.

"ఈ గేటు లోపల మగవారికి నూరు రూపాయలు అందే చోట ఆడవారికి ఎనభై అందుతున్నాయి. కారణం, వక్కాకు పేరుతో మగవారికి మాత్రమే ఇస్తున్న సొమ్ము. యంత్రం పని ఒక్క స్త్రీకి కూడా నేర్పలేదు. ఈ రెండు లోట్లనూ వచ్చే ఆయుధపూజ నాటికి తీరుస్తాం."

దారిన పోయే బస్సులు నెమ్మదించి చదివి పోయాయి. బయ్యన్న రెండు పూటలు అన్నం ముట్టలేదు.

"ముప్పైయేండ్ల పరువును తీసకపోయి గేటుకు యాలాడదీసె నీ కూతురు" అన్నాడు భార్య బయమ్మతో.

బయమ్మ సంగటి ముద్ద కంచంలో పెడుతూనే జవాబు చెప్పింది. "పరువు గేటుకు ల్యా. ఆడకూలి ల్యాని గేటు అని ఆ ఆడోళ్ళు ఊరూరా నీ పేరు చెప్పుకుంటాండిరి. వాళ్ళ నోట్లో ఉండాది నీ పరువు. వాళ్ళు అబద్ధం చెప్పినట్టు కాకుండా చూడు. తిను."

ఆయన తిన్నాడు.

ఎనభై అని రాసిన కొత్త పత్రం మీద తిప్పన్న గొణుగుతూనే గీకాడు, చౌడమ్మ సంతకం చేసింది. "ఇప్పుడు నిజం రాసినావు" అని మాత్రం అన్నది. పత్రం గడువులోపలే కొనుగోలుదారులకు చేరింది. అందరూ భయపడినట్టు వారు వ్యాపారం ఆపలేదు. సున్నాలు పంపినవారి కాగితాలను అనుమానంతో తిప్పి పంపి, ఎనభై అని పంపిన ఈ కేంద్రాన్ని ఒక్క ప్రశ్నే అడిగారు: ఏ తేదీకి? తేదీ బోర్డు మీదే ఉన్నదని హేమ బదులు రాసింది.

తేదీ రాయడం తేలిక. దానిని నిలబెట్టుకోవడం యుద్ధం. పక్క ఊరి మిల్లు యజమాని ఒకాయన వచ్చి, ఉపాయం చెప్పిపోయాడు: మగవారి వక్కాకునే ఎత్తేస్తే ఒక్క పూటలో సున్నా అవుతుంది కదా! ఈ మాట ఎట్లా పొక్కిందో గాని, తిప్పన్న యంత్రం ఆపి మగవారందరితో వసారాకు వచ్చాడు. వెనకనే చౌడమ్మ కూడా వచ్చింది. మగవారు ఆమెకు దారి ఇవ్వలేదు. ఆమె అక్కడినుంచే గట్టిగా పలికింది.

"హేమ పాపా! ఎత్తుగా ఉండే మనిషి కాళ్ళు నరికి పొట్టోన్ని సమం చేసినా అంటే ఆ సమం మాకొద్దు. మగోళ్ళ దాంట్లో ఒక్క రూపాయి తగ్గినా నా సంతకం నేను చెరిపేస్తా. నా ఇంట్లోనూ ఒక మగోడు ఉండాడప్పా!"

తిప్పన్న వెనక్కి తిరిగి చూశాడు. ఆ రోజునుంచి అతడు ఆమెను వదినా అని పిలవడం మొదలుపెట్టాడు.

హేమ దారి ఇంకొకటి వెతికింది. వక్కాకు అనే పేరునే తీసివేసి ఆ మొత్తాన్ని దినకూలిలో కలిపింది. మగవారి దినకూలి ఆరువందల ఇరవై ఐదు అయింది. చేతికి వచ్చేది తగ్గలేదు. ఆడవారి కూలి ఉగాదికి కొంత, తొలి ఏకాదశికి కొంత, మిగిలినది ఆయుధపూజకు పెరిగి దానితో సమమవుతుందని రాసి గోడకు అంటించింది. తిప్పన్న ఆ కాగితాన్ని అనుమానంగా చూసి అడిగాడు.

"అట్లయితే మా పీఎఫ్ కూడా ఆరువందల ఇరవై ఐదు మీదనే పడతాదా?"

"కూలి అయింది కదా అన్నా. పడుతుంది."

తిప్పన్న వేళ్ళమీద లెక్క వేశాడు. "అంటే ఇన్నేండ్లు ఈ మర్యాదతో మేము గూడా మునిగినాం!"

"మేం చెప్తే నీకు కోపమొచ్చె" అన్నది సువార్త వెనకనుంచి.

ఆ సువార్తే యంత్రం పని నేర్చుకున్న మొదటి స్త్రీ. నేర్పవలసినవాడు తిప్పన్న. మొదటి వారం ఆమె జల్లెడ పళ్ళెం తిరగేసి బిగించి, యంత్రం చేత గింజలకు బదులు దుమ్ము కక్కించింది. తిప్పన్న నెత్తిన చేతులు పెట్టుకొని, "నాక్కూడా మొదటి దినం ఇట్లనే అయె, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికి కేంద్రమంతా తెలిసింది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. సరకు తక్కువైంది, రెండు నెలలు వారానికి నాలుగు దినాలే పని నడిచింది. తొలి ఏకాదశి పెంపును వాయిదా వేద్దామా అని హేమ తండ్రిని అడిగింది. బయ్యన్న బోర్డు వైపు చూశాడు. "తేదీ రాసినాం గదా పాపా. కరువొచ్చినప్పుడు విత్తనం తినకూడదు" అన్నాడు. చౌడమ్మ తల్లి ఎనిమిదేళ్ళ కూతురికి చెప్పిన మాట కూడా ఇంచుమించు అదే. ఆ తల్లి ఎవరో బయ్యన్నకు తెలియదు. మెట్టనేల తన బిడ్డలందరికీ ఒకే పాఠం చెబుతుంది కాబోలు.

ఆయుధపూజ నాడు ఉదయమే గేటు తెరిచారు. బోర్డుకు మళ్ళీ బంతిదండ వచ్చింది. నీలం మీద తెల్లని అక్షరాలు: మగవారికి నూరు అందే చోట ఆడవారికి నూరు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ లేదు. తిప్పన్న సంతకం చేసి కలం అందించాడు. చౌడమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఈసారి పత్రాన్ని రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివింది. వెనక ఆడవారు మెడలు సాచి చూస్తున్నారు. అప్పుడు తన పేరులోని ఒక్కొక్క అక్షరాన్నీ, గింజ నాటినట్టు ఎడం చూసి, నింపాదిగా నాటింది. సువార్త ఈల వేసింది. పూజ వేళ ఈల ఏమిటని ఎవరూ కసరలేదు. పుల్లన్న కన్నులు తుడుచుకొని, దుమ్ము పడిందన్నాడు.

పసుపుకుంకుమలతో వెలిగే యంత్రం ముందు హారతి ముగిసింది. అప్పుడు బయ్యన్న కర్ర ఊనుకుంటూ లోపలికి పోయి, ఒక ఇత్తడి పళ్ళెం తెచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నాటి పళ్ళెమే. చింతపండుతో తోమించాడేమో, సూర్యబింబంలా మెరుస్తున్నది. అందులో నవనవలాడే తమలపాకులు, వక్కలు ఉన్నాయి. నోట్లు లేవు.

ఆయన పళ్ళేన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. వంగి, యంత్రం పాదాల దగ్గర, దీపం ముందు పెట్టి వెనక్కి జరిగాడు.

"ఇది నేనిచ్చేది కాదు మ్మే. అమ్మవారి ముందర పెట్టినా. ఆ తల్లి ఇస్తాది. ఆడోళ్ళు ముందు తీసుకోండి. మగోళ్ళు ఇరవై ఎనిమిదేండ్లు తిన్యారు, కాసేపు ఆగుతారు."

అందరి చూపులూ చౌడమ్మ మీద వాలాయి. ఆమె ముందుకు నడిచి, మోకరిల్లి, దీపానికి నమస్కరించింది. రెండు ఆకులు తీసుకుంది. ఒక వక్క తీసుకుంది. అలవాటు చొప్పున దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ దొర్లించి, ఆగి, పళ్ళెం పక్కన పెట్టేసింది.

బయ్యన్న కర్ర మీద ముందుకు వంగాడు. "ఏమ్మే, మళ్ళా వద్దంటావా?"

"వద్దని ఎవురన్యారు సామీ? ఇది పుచ్చు. మంచిది ఇయ్యి."

కేంద్రం కప్పు ఎగిరిపోయేలా నవ్వులు లేచాయి. అందరికంటె పెద్దగా నవ్వినవాడు బయ్యన్న. నవ్వుతూనే వంగి పళ్ళెంలో వెతికి, ఒక గట్టి వక్కను ఏరి, దీపం ముందు విడిగా పెట్టాడు. చౌడమ్మ దాన్ని కూడా వేళ్ళ మధ్య దొర్లించి చూసింది. తల ఊపింది. అప్పుడు తీసుకొని కళ్ళకద్దుకుంది.